జేఈఈ, నీట్, ఎప్‌సెట్‌కు నల్లగొండ, పాలమూరు నుంచి సిద్ధమవడం ఎలా: ఇంటర్ చేరిక నుంచి కౌన్సెలింగ్ దాకా

పదో తరగతి ఫలితాలు రాగానే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లను హైదరాబాద్ పంపాలా, విజయవాడ పంపాలా, ఊళ్లోనే చేర్చాలా? ఫీజు, హాస్టల్ ఖర్చు లెక్కలు, బంధువుల సలహాలు, కాలేజీల నుంచి వచ్చే ఫోన్లు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మనిషిగా నేను గట్టిగా నమ్మేది ఒకటే. టెస్టు రాశాక తన తప్పులతో కూర్చునే అలవాటు ఉన్న పిల్ల ఎక్కడ చదివినా పైకి వస్తుంది. ఆ అలవాటు లేకపోతే లక్షలు పోసినా మార్కులు ఒకచోటే ఆగిపోతాయి. ఈ అలవాటు చేసుకోవడం ఎలాగో, దాని చుట్టూ మిగతా పనులన్నీ ఎలా అమర్చుకోవాలో వరుసగా చెప్తాను.

మొదటి పని: ఏ పరీక్షో తేల్చుకోండి

ఎంపీసీ వాళ్లకు ఎన్‌ఐటీ లాంటి జాతీయ ఇంజినీరింగ్ కాలేజీల కోసం జేఈఈ మెయిన్, అందులో ముందు వరుసలో నిలిచిన సుమారు రెండున్నర లక్షల మందికి ఐఐటీల కోసం జేఈఈ అడ్వాన్స్‌డ్, మన రాష్ట్ర కాలేజీల కోసం ఎప్‌సెట్ ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని ఇంకా ఎంసెట్ అనే అంటారు. బైపీసీ వాళ్లు ఎంబీబీఎస్, బీడీఎస్ కోసం నీట్ రాస్తారు. బీఎస్సీ అగ్రికల్చర్, బీఫార్మసీ లాంటి కోర్సులకు ఎప్‌సెట్‌లో వేరే విభాగం ఉంది. డాక్టర్ సీటు రాకపోతే అంతా పోయినట్టే అనుకునే ఇళ్లలో ఈ దారి గురించి సరిగా మాట్లాడరు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోనే వ్యవసాయ కాలేజీ ఉంది.

జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పెడతారు, రెండింటిలో మెరుగైన స్కోరునే లెక్కలోకి తీసుకుంటారు. నీట్‌లో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. ఇక్కడా తప్పుకు ఒక మార్కు పోతుంది. ఎప్‌సెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు.

ఈ అంకెలను ఒకసారి సమయంతో భాగించి చూడండి. మెయిన్‌లో ఒక్కో ప్రశ్నకు సగటున 2 నిమిషాల 24 సెకన్లు, ఎప్‌సెట్‌లో 67 సెకన్లు, నీట్‌లో నిమిషం. అందుకే మెయిన్‌కు బాగా తయారైన కుర్రాడు కూడా ఎప్‌సెట్‌లో సమయం చాలక ఇబ్బంది పడతాడు. సబ్జెక్టు ఒకటే అయినా వేగం సాధన చేయకుండా రాదు. మొదటి ఏడాది దసరా సెలవుల నాటికి మీ ప్రధాన పరీక్ష ఏదో కాగితం మీద రాసుకోండి. ఎంపీసీలో ఎక్కువ మందికి మెయిన్, ఎప్‌సెట్ కలిపి చదవడం సరిపోతుంది. మెయిన్ స్థాయి లెక్కలు తడుముకోకుండా చేయగలుగుతున్నప్పుడే అడ్వాన్స్‌డ్ పుస్తకాలు తెరవండి.

ఎప్‌సెట్ ర్యాంకులో ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, దాన్ని తీసేశారు. అలాగని ఇంటర్‌ను వదిలేయకండి. ఎన్‌ఐటీ, ఐఐటీల్లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే పైనున్న 20 శాతం మందిలో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 65 శాతం చాలు. ర్యాంకు తెచ్చుకుని ఇక్కడ ఆగిపోతే ఆ బాధ మామూలుగా ఉండదు.

కాలేజీ ఎంచుకునే ముందు: సరిహద్దు ఊళ్లవాళ్లు తప్పక చదవాల్సింది

కోదాడ, హుజూర్‌నగర్ వైపు వాళ్లకు విజయవాడ దగ్గర. అలంపూర్ వాళ్లకు తుంగభద్ర దాటితే కర్నూలు. ఏళ్లుగా ఇక్కడి పిల్లలు అటు వెళ్లి ఇంటర్ చదువుతున్నారు. చదువు బాగుండొచ్చు, కానీ అడ్మిషన్ కట్టే ముందు రెండు విషయాలు తెలుసుకోవాలి.

మొదటిది ఎంబీబీఎస్. మన రాష్ట్ర కోటా సీట్లను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. 2024లో వచ్చిన నిబంధన ప్రకారం స్థానిక అభ్యర్థి కావాలంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల లాంటి కొందరికి మినహాయింపులు ఉన్నాయి, మామూలు రైతు కుటుంబానికి అవి వర్తించవు. ఇంటర్ రెండేళ్లు బెజవాడలో చదివితే ఇక్కడి స్థానికతే ప్రశ్నార్థకం అవుతుంది. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలో, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఇంటి పక్కన ఇన్ని సీట్లు ఉన్నప్పుడు తెలియక ఆ హక్కు పోగొట్టుకోకూడదు.

రెండోది ఎన్‌ఐటీ. ఒక్కో ఎన్‌ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు ఉంటాయి. ఆ రాష్ట్రం ఏదన్నది ఇంటర్ ఎక్కడ పాసయ్యారన్న దాన్నిబట్టి తేలుతుంది, పుట్టిన ఊరు చూడరు. కోదాడ పిల్లవాడు విజయవాడలో ఇంటర్ పాసైతే అతనికి సొంత రాష్ట్ర కోటా తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో వస్తుంది, వరంగల్‌లో రాదు. ఆలోచించి ఎంచుకుంటే ఇబ్బంది లేదు. తెలియక జరిగితే తర్వాత సరిదిద్దే వీలు లేదు.

డబ్బు సమస్యగా ఉన్న ఇళ్లు గురుకులాలను మొదట చూడాలి. రాష్ట్రంలో గురుకుల విద్య మన దగ్గరే మొదలైంది. 1971లో తొలి గురుకుల పాఠశాల పెట్టిన సర్వేల్ అప్పటి నల్లగొండ జిల్లాలోనిది. ఇప్పుడు సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకుల జూనియర్ కాలేజీలు చాలా ఉన్నాయి, కొన్నింటిలో జేఈఈ, నీట్ శిక్షణ కూడా ఇస్తారు. పదో తరగతి పరీక్షలకు ముందే వాటి ప్రవేశ ప్రకటనలు చూస్తూ ఉండండి. ప్రైవేటు కాలేజీలో చేర్చే ముందు గోడ మీది ఫొటోలు కాకుండా, అక్కడ రెండో ఏడాది చదువుతున్న ముగ్గురు నలుగురు పిల్లలను కలవండి. డౌట్ వస్తే ఎవరు చెప్తారు, టెస్టు పేపర్ తిరిగి చేతికిస్తారా అని అడగండి. టెస్టు పేపర్ ఇవ్వని చోట పిల్లలు తమ తప్పులు చూసుకోలేరు.

పుస్తకాలు తక్కువ, తిరగేయడం ఎక్కువ

నీట్‌కు, మెయిన్‌కు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పునాది. వాటి పీడీఎఫ్‌లు ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితం. బయాలజీ వాళ్లు బొమ్మల కింద వాక్యాలు, పట్టికలు కూడా వదలకూడదు. ఎప్‌సెట్‌కు ఇంటర్ బోర్డు సిలబస్సే ఆధారం, కాబట్టి బోర్డు పుస్తకాలు ముఖ్యం. మొదటి వారంలోనే మీ పరీక్ష సిలబస్‌ను, ఇంటర్ సిలబస్‌ను ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకోండి. రెండింటిలో ఉన్నవాటికి టిక్ పెట్టండి, ఒకదానిలోనే ఉన్నవాటిని గుండ్రంగా చుట్టండి. కాలేజీ క్లాసులో రాని అధ్యాయాలు ఏవో ఆ గుండ్రాలే చెప్తాయి. వాటికి మొదటి ఏడాది వేసవి సెలవులు కేటాయించాలి.

ఆన్‌లైన్ కోచింగ్ కొనే ముందు ఉచితంగా దొరికేవి వాడండి. రాష్ట్ర ప్రభుత్వ టీవీ ఛానల్ టీ-శాట్ విద్యలో పాఠాలు ఉన్నాయి. ఐఐటీ కాన్పూర్, కేంద్ర విద్యాశాఖ కలిసి నడిపే సాథీ పోర్టల్‌లో జేఈఈ, నీట్ పాఠాలు ఉన్నాయి. మెయిన్, నీట్ పరీక్షలు పెట్టే సంస్థ ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో పాత పేపర్లు, మాక్ టెస్టులు దొరుకుతాయి. ఒక సబ్జెక్టుకు ఒక పాఠ్యపుస్తకం, ఒక ప్రాక్టీస్ పుస్తకం, పదేళ్ల పాత పేపర్లు చాలు. మూడో పుస్తకం కొంటే రెండోది సగంలో ఆగుతుంది.

రోజు ఎలా గడవాలి

దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల నుంచి ఆర్టీసీ బస్సులో రోజూ వచ్చిపోయే పిల్లలకు చాలా సమయం రోడ్డు మీదే పోతుంది. బస్సులో లెక్కలు కావు. కెమిస్ట్రీ సమీకరణాలు, ఫార్ములాలు, బయాలజీ పట్టికలు చిన్న చీటీల మీద రాసుకుని అప్పుడు తిరగేయండి. ఇంటికొచ్చాక రెండున్నర, మూడు గంటలు గట్టిగా కూర్చుంటే చాలు. మొదటి గంట ఆ రోజు క్లాసులో చెప్పిన దాని మీద లెక్కలు చేయాలి, చదవడం మాత్రమే కాదు. రెండో గంట బలహీనంగా ఉన్న సబ్జెక్టుకు ఇవ్వండి. మిగిలిన సమయంలో, కింద చెప్పబోయే తప్పుల నోటుబుక్ చూడండి.

పత్తి ఏరే రోజుల్లో, వరి కోతలప్పుడు ఇంట్లో చేతులు చాలవు. అమ్మానాన్న పొలం పిలిస్తే పోనని చెప్పడం చాలామందికి సాధ్యం కాదు, చెప్పమని నేనూ అనను. ఆ రెండు మూడు వారాల్లో కొత్త పాఠం పెట్టుకోకుండా పాతవి తిరగేయండి. ఇంట్లోవాళ్లకు మాత్రం ముందే ఒక కాగితం ఇవ్వండి: జనవరి, మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఏ పరీక్ష ఎప్పుడు ఉందో రాసి గోడకు అంటించండి. తేదీ కళ్ల ముందు ఉంటే తల్లిదండ్రులే పని సర్దుకుంటారు.

నిద్ర ఏడు గంటలకు తగ్గించకండి. రాత్రి రెండింటి దాకా మేల్కొని చదివానని గొప్పగా చెప్పేవాళ్లు మర్నాడు క్లాసులో సగం పాఠం నిద్రలోనే వింటారు.

తప్పుల నోటుబుక్: అసలు పని ఇక్కడ ఉంది

200 పేజీల లాంగ్ నోటుబుక్ ఒకటి తీసుకోండి. వారానికి ఒక టెస్టు రాయండి, కాలేజీ పెట్టకపోతే పాత పేపర్ పెట్టుకుని గడియారం చూసుకుంటూ మీరే రాయండి. మార్కులు చూసుకున్నాక అదే రోజు గానీ మర్నాడు గానీ టెస్టు రాసినంత సేపు దాని మీద కూర్చోవాలి. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకు, వదిలేసిన ప్రతి ప్రశ్నకు నాలుగు వరుసలు రాయాలి: ప్రశ్న క్లుప్తంగా, నేను ఏం చేశాను, సరైనది ఏమిటి, ఎందుకు తప్పాను.

ఉదాహరణకు ఇది చూడండి. ఒక రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. అది 15 మీటర్ల ఎత్తులో ఎప్పుడు ఉంటుంది? గురుత్వ త్వరణం 10 అనుకుంటే 15 = 20టీ − 5టీ². దాన్ని సాధిస్తే టీ విలువ 1 లేదా 3 వస్తుంది. చాలామంది 1 రాసి ముందుకు పోతారు. నోటుబుక్‌లో "సిల్లీ మిస్టేక్" అని రాస్తే ప్రయోజనం లేదు. రాయాల్సింది ఇలా: "రెండు సమాధానాలకూ అర్థం ఉంది. పైకి వెళ్తూ 1 సెకను దగ్గర, కిందికి దిగుతూ 3 సెకన్ల దగ్గర. ఇక నుంచి వర్గ సమీకరణం వస్తే రెండో మూలం దేన్ని చెప్తుందో అడిగాకే వదలాలి." ఇప్పుడది ఒక్క లెక్కకు సంబంధించిన విషయం కాదు, పదుల లెక్కల్లో పనికొచ్చే జాగ్రత్త.

కెమిస్ట్రీలో మరొకటి. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? ఫార్ములాలో పెడితే 8 వస్తుంది. ఆమ్లానికి 7 కంటే ఎక్కువ పీహెచ్ రావడం కుదరదని అక్కడే ఆగాలి. ఇంత పలుచని ద్రావణంలో నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లను కూడా కలపాలి, అప్పుడు సుమారు 6.98 వస్తుంది. నోటుబుక్‌లో రాయాల్సిన మాట: "సమాధానం వచ్చాక అది నమ్మదగినదేనా అని ఒక్క క్షణం చూడలేదు."

ప్రతి తప్పుకు పక్కన ఒక గుర్తు పెట్టండి. పాఠమే తెలియకపోతే "తె", తెలిసీ లెక్కలో జారితే "లె", ప్రశ్న సరిగా చదవకపోతే "చ", సమయం లేక గాబరాలో పెట్టేస్తే "స". నెలకోసారి ఏ గుర్తు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. "తె" ఎక్కువ ఉంటే ఇంకా చదవాలి. "చ" ఎక్కువ ఉన్నవాళ్లు ఎన్ని గంటలు చదివినా మార్కులు పెరగవు. నీట్ బయాలజీలో "కింది వాటిలో సరికానిది ఏది" అన్న ప్రశ్నకు సరైనది గుర్తించి వచ్చే పిల్లలు ఎంతమందో! వాళ్లు ప్రశ్నలోని "కానిది" కింద గీత గీసే అలవాటు చేసుకుంటే చాలు. ఒక్కొక్కరి జబ్బు వేరు, మందు వేరు. అందరికీ ఒకే టైమ్‌టేబుల్ ఇచ్చే క్లాసు ఈ తేడా చూడలేదు, మీరే చూసుకోవాలి.

ఆదివారం ఉదయం పాత పేజీలు తీసి, సమాధానం మూసి, ఆ లెక్కలు మళ్లీ చేయండి. ఒకే తప్పు రెండోసారి జరిగితే ఎర్ర పెన్నుతో చుట్టండి. రెండో ఏడాది చివరికి ఎర్రగా మిగిలిన పేజీలే మీ చివరి నెల సిలబస్.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు

నీట్, జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రాలు తెలుగులోనూ ఉంటాయి. దరఖాస్తులోనే తెలుగు ఎంచుకోవాలి. తెలుగు ఎంచుకున్నా ఇంగ్లిష్ కూడా పక్కన ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌లో ఉన్నదే చెల్లుతుంది. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే పెడతారు. అందుకే ఇంటర్‌లో అడుగు పెట్టగానే ఒక చిన్న పుస్తకంలో రెండు వరుసలు గీసి, జడత్వం పక్కన ఇనర్షియా, త్వరణం పక్కన యాక్సిలరేషన్, పత్రహరితం పక్కన క్లోరోఫిల్ అని రాసుకుంటూ పోండి. రోజుకు పది మాటలు చాలు, దసరాకల్లా భయం పోతుంది. కాన్సెప్ట్ తెలుగులో అర్థం చేసుకోవడం ఏ మాత్రం తక్కువ కాదు. త్వరణం అంటే ఏమిటో తెలియకుండా యాక్సిలరేషన్ అని పలికినంత మాత్రాన లెక్క రాదు.

జనవరి నుంచి మే దాకా

జనవరిలో మెయిన్ మొదటి విడత, ఫిబ్రవరి చివర, మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఏప్రిల్‌లో మెయిన్ రెండో విడత, ఏప్రిల్ చివర, మే నెలల్లో ఎప్‌సెట్. నీట్ సాధారణంగా మే మొదటి ఆదివారం. మొదటి విడత మెయిన్ బాగా రాయకపోయినా కుంగిపోవద్దు, ఆ పేపర్‌ను కూడా నోటుబుక్‌లోకి ఎక్కించండి. ఇంటర్ పరీక్షల నెలలో ఎంట్రన్స్ చదువు రోజుకు ఒక గంటకు తగ్గించండి, పూర్తిగా ఆపకండి.

ఇంటర్ అయ్యాక మిగిలేది నెలన్నర లోపే. ఇప్పుడు కొత్త పుస్తకం ముట్టుకోవద్దు. వారానికి రెండు మూడు పూర్తి మాక్ టెస్టులు, అసలు పరీక్ష జరిగే సమయానికే రాయండి. నీట్ 2025లో మధ్యాహ్నం 2 నుంచి 5 గంటల దాకా జరిగింది. భోజనం చేసి, ఎండలో, నిద్ర వచ్చే వేళ కూర్చుని రాయడం ఒంటికి అలవాటు కావాలి. నీట్‌లో బయాలజీ 50 నిమిషాల్లో ముగిస్తే ఫిజిక్స్‌కు ఊపిరి ఆడుతుంది. ఓఎంఆర్ గళ్లు ప్రతి పేజీ అయ్యాక దిద్దండి, చివర్లో పెట్టుకుంటే వరుస తప్పే ప్రమాదం ఉంది. మెయిన్, ఎప్‌సెట్ కంప్యూటర్ మీద కాబట్టి కనీసం నాలుగైదు మాక్‌లు కంప్యూటర్ మీద రాయాలి. ఇంట్లో లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో అడగండి, ఇంటర్నెట్ సెంటర్‌లోనైనా రాయండి.

తెలియని ప్రశ్నను ఏం చేయాలి? ఎప్‌సెట్‌లో ఒక్కటి కూడా ఖాళీ వదలొద్దు, కోత లేదు. మెయిన్, నీట్‌లలో నాలుగు ఆప్షన్లలో రెండు కచ్చితంగా కావని తేలితే మిగిలిన రెండింటిలో ఒకటి పెట్టండి. సగం సార్లు 4 వస్తుంది, సగం సార్లు 1 పోతుంది, సగటున ప్రశ్నకు ఒకటిన్నర మార్కు లాభమే. ఒక్కటీ కొట్టేయలేకపోతే వదిలేయండి. కాగితం మీద గుడ్డి ఊహకు కూడా కొంచెం లాభం కనిపిస్తుంది, కానీ ఆప్షన్లను మామూలుగా జరిగే తప్పులను దృష్టిలో పెట్టుకునే తయారు చేస్తారు, అరకొరగా తెలిసినవాళ్లు వాటిలోనే పడతారు.

పరీక్షకు ముందు రోజు సెంటర్ చూసి రండి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో సెంటర్లు పెడుతున్నారు, అయినా హైదరాబాద్ పడే వీలుంది. నీట్‌కు మధ్యాహ్నం 1:30కి గేటు మూస్తారు, ఎప్‌సెట్‌కు ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. పొద్దున బస్సు దొరుకుతుందిలే అనుకుని బయల్దేరకండి.

ఇంట్లోవాళ్లకు

పక్కింటి పిల్ల మార్కులతో పోల్చకండి. టెస్టులో ఎన్ని వచ్చాయని కాక, ఏ ప్రశ్న తప్పింది, ఎందుకు తప్పింది అని అడగండి. బొంబాయి, హైదరాబాద్ వలస వెళ్లిన తల్లిదండ్రులు ఫోన్లో ఈ ఒక్క ప్రశ్న అడిగినా పిల్లలకు ధైర్యం వస్తుంది. హాస్టల్‌లో ఉన్న పిల్ల తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, ఇక నా వల్ల కాదన్నా వెంటనే వెళ్లి కలవండి, కావాలంటే ఇంటికి తీసుకురండి. 14416 నంబర్‌కు ఫోన్ చేస్తే టెలిమానస్ కౌన్సెలర్లు ఉచితంగా మాట్లాడతారు. పిల్లలు కూడా ఆ నంబర్ ఫోన్లో పెట్టుకోండి. సీటు మళ్లీ ప్రయత్నిస్తే వస్తుంది. మీరు ఉండాలి.

లాంగ్‌టర్మ్, అంటే ఇంకో ఏడాది కోచింగ్ తీసుకోవాలా అని జూన్‌లో అడిగేవాళ్లకు నా సమాధానం తప్పుల నోటుబుక్‌లోనే ఉంటుంది. "తె" గుర్తులు కొన్ని అధ్యాయాల్లోనే గుమిగూడి ఉంటే ఒక ఏడాదిలో అవి నిండుతాయి, వెళ్లండి. అన్ని అధ్యాయాల్లోనూ చెల్లాచెదురుగా ఉండి, చదువు మీద మనసు లేకపోతే వచ్చిన సీటులో చేరడమే మంచిది. జేఈఈ మెయిన్ వరుసగా మూడేళ్లు, అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లు రాయొచ్చని గుర్తుంచుకోండి.

కాగితాలు, కౌన్సెలింగ్

ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం మీసేవకు ఫలితాలు వచ్చాక పరుగెత్తకండి, ఏప్రిల్‌లోనే తీసుకోండి. జేఈఈ, నీట్‌లలో ఓబీసీ రిజర్వేషన్‌కు కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో ఇచ్చినదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్ పత్రమూ అంతే. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు, దరఖాస్తు నింపే ముందే చూసుకోండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైల్‌లో పెట్టండి.

ఐఐటీ, ఎన్‌ఐటీలకు జోసా, అఖిల భారత కోటా మెడికల్ సీట్లకు ఎంసీసీ, రాష్ట్ర మెడికల్ సీట్లకు కాళోజీ వర్సిటీ, ఇంజినీరింగ్‌కు ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు. నాలుగూ వేర్వేరు, ఒకదానిలో నమోదైతే మరొకదానిలో ఉన్నట్టు కాదు. ఎప్‌సెట్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే అర్హత ఉన్న బీసీ, ఈబీసీ విద్యార్థులకు మొత్తం ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. ఆ ర్యాంకు దాటితే పరిమితి ఉంటుంది, మిగిలింది మీరు కట్టాలి, కాబట్టి ఆప్షన్ పెట్టే ముందు ఆ కాలేజీ ఫీజు చూడండి. వెబ్ ఆప్షన్లు ఎన్ని ఎక్కువ పెడితే అంత మంచిది, కానీ చేరడానికి ఇష్టం లేని కాలేజీని జాబితాలో ఉంచకండి. గత ఏడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, మీ కేటగిరీకి చివరి ర్యాంకు ఎంతో చూసి, దానికంటే కొంచెం పై నుంచి మొదలుపెట్టి కిందికి రాయండి. ఫ్రీజ్ చేసేముందు, అంటే ఆప్షన్లు ఖరారు చేసేముందు ఆ జాబితాను ఇంట్లో ఒకరితో బిగ్గరగా చదివించి, కోడ్లు సరిపోయాయో చూడండి.